మెయిల్‌తోనే సొంత పనుల జాబితా నడుపుకోవడం ఎలా?

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల పాఠకులు ఫోను వాడకం గురించి అడిగే ప్రశ్నల్లో ఒకటి మాటలు మారినా మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. చేయవలసిన పనులు రాసుకోవడానికి మరో యాప్ నేర్చుకోకుండా, ఇప్పటికే ఉన్న జీమెయిల్‌తోనే నెట్టుకురాగలమా అన్నది ఆ ప్రశ్న. అడిగేవారిలో బెంగళూరులో ఉద్యోగం చేస్తూ వారాంతానికి గుత్తికో తాడిపత్రికో వచ్చి ఇంటి పనులు, పొలం పనులు చక్కబెట్టుకునేవారు ఉన్నారు. బడిలో పాఠాలు చెబుతూ ఇంటి బిల్లులు, పిల్లల ఫీజులు, పెద్దల మందులు ఒంటిచేత్తో చూసుకునే ఉపాధ్యాయులు కూడా ఉన్నారు.

నెట్టుకురావచ్చు, అది కూడా పైసా ఖర్చు లేకుండా. అయితే మీకు ఇతరులు పంపే మెయిళ్ళు, మీకు మీరు అప్పగించుకున్న పనులు ఒకే కుప్పలో ఉండకూడదు. బ్యాంకు ప్రకటనలు, ఉద్యోగ ప్రకటనలు, కొరియర్ సందేశాల మధ్య ‘మోటారు బాగుచేయించాలి’ అన్న మెయిల్ పడితే అది సాయంత్రానికి కిందికి జారిపోతుంది, వారానికి మీరే దాన్ని మరిచిపోతారు. కింది పద్ధతి అంతా ఆ రెండింటినీ విడదీయడానికే.

ముందుగా కావలసినవి

పాస్‌వర్డ్ మీకు తెలిసిన జీమెయిల్ ఖాతా ఉండాలి. ఈ మాట వింతగా అనిపించవచ్చు గానీ, ఫోను కొన్న రోజున అంగడిలోని కుర్రవాడు తెరిచి ఇచ్చిన ఖాతానే ఏళ్ళ తరబడి వాడుతూ, దాని పాస్‌వర్డ్ ఏమిటో ఎన్నడూ తెలుసుకోనివారు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ఆ ఖాతాకు తగిలించిన ఫోను నంబరు ఇప్పుడు వాడుకలో లేని సిమ్ అయితే, ఫోను పోయిన రోజున పనుల జాబితా కూడా దానితోపాటే పోతుంది. కాబట్టి గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రికవరీ ఫోను నంబరు సరిచూసుకుని, పాస్‌వర్డ్ కొత్తగా పెట్టుకుని, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తోపాటు మరో రుజువు కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేసుకున్న తరువాతే ముందుకు వెళ్ళండి.

ఫోనులో జీమెయిల్ యాప్, తెలుగు టైపింగ్ ఉన్న కీబోర్డు ఉండాలి. జీబోర్డు అయితే మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే చాలు, అదే టైపు చేస్తుంది.

ఒక్కసారి మాత్రం కంప్యూటరు కావాలి. మూడవ అంచెలో చెప్పే ఫిల్టరును, అంటే వచ్చే మెయిళ్ళను దానంతట అదే వేరుచేసే ఏర్పాటును, జీమెయిల్ ఫోను యాప్‌లో తయారు చేయడం కుదరదు. కంప్యూటరు దొరకనివారు ఫోనులోని క్రోమ్ బ్రౌజరులో జీమెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో ‘డెస్క్‌టాప్ సైట్’ అన్నదానికి టిక్కు పెట్టి ప్రయత్నించవచ్చు. అక్షరాలు చిన్నవిగా కనిపిస్తాయి, ఓపిక పట్టాలి. నెట్ సెంటరుకు వెళ్ళేవారు ఇన్‌కాగ్నిటో కిటికీలో (చూసినవాటి వివరాలు బ్రౌజరు దాచుకోని కిటికీలో) లాగిన్ అయ్యి, పని పూర్తికాగానే సైన్ అవుట్ చేసి, పాస్‌వర్డ్ దాచమంటావా అని బ్రౌజరు అడిగితే వద్దని చెప్పి మరీ లేవండి.

చేయవలసిన విధానం

1. పనులకు ఒక చిరునామా ఏర్పరచుకోండి. ఇందుకు కొత్త ఖాతా తెరవనక్కర లేదు. జీమెయిల్‌లో మీ పేరు తరువాత కూడిక గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా ఆ మెయిల్ మీ ఖాతాకే వస్తుంది. అంటే మీ చిరునామా ‘మీపేరు@జీమెయిల్.కామ్’ అయితే, ‘మీపేరు+పని@జీమెయిల్.కామ్’ కూడా మీదే. ఇక్కడ తెలుగులో చూపించినప్పటికీ, టైపు చేసేటప్పుడు చిరునామా మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. ‘పని’ అన్నదాన్ని పి, ఎ, ఎన్, ఐ అనే నాలుగు అక్షరాలతో రాయండి, మధ్యలో ఖాళీ ఉంచవద్దు. దీన్ని ఎక్కడా నమోదు చేయవలసిన అవసరం లేదు, ఇప్పటికిప్పుడే పనిచేస్తుంది.

2. మూడు లేబుళ్ళు తయారు చేయండి. లేబుల్ అంటే మెయిల్‌కు తగిలించే పేరు చీటీ, దాన్ని తెరిస్తే ఆ చీటీ ఉన్న మెయిళ్ళన్నీ ఒకచోట కనిపిస్తాయి. కంప్యూటరులో జీమెయిల్ తెరిస్తే ఎడమవైపు ‘లేబుల్స్’ అన్న మాట పక్కన కూడిక గుర్తు కనిపిస్తుంది. దాన్ని నొక్కి ‘1-పనులు’, ‘2-ఎదురుచూపు’, ‘3-అయినవి’ అని మూడు పేర్లు వరుసగా చేర్చండి. పేరు తెలుగులో పెట్టుకోవచ్చు. లేబుళ్ళు అక్షర క్రమంలో అమరుతాయి, అందులో అంకెలు ముందు వస్తాయి కాబట్టి ఈ మూడూ పైనే కనిపిస్తాయి.

ఇక్కడే చాలామంది ఉత్సాహంగా ‘ఇల్లు’, ‘పొలం’, ‘ఆఫీసు’, ‘బ్యాంకు’, ‘అత్యవసరం’, ‘కొంచెం అత్యవసరం’ అని లేబుళ్ళు పెంచుకుంటూ పోతారు. వద్దు. ప్రతి పనినీ ఏ గదిలో పెట్టాలా అని ఆలోచించవలసి వచ్చినప్పుడు, రాసుకోవడమే మానేస్తారు. బెంగళూరులో ఉండి ఊరి పనులు చూసుకునేవారు మాత్రం ‘ఊరు’ అని నాలుగవది పెట్టుకుంటే మేలు, ఎందుకంటే ఆ పనులు ఊరికి వచ్చినప్పుడే అవుతాయి. శుక్రవారం రాత్రి బస్సులో కూర్చుని ఆ ఒక్క లేబుల్ తెరిస్తే రెండు రోజుల పని కళ్ళ ముందు ఉంటుంది.

3. ఫిల్టరు పెట్టండి. కంప్యూటరులో పైన కుడివైపు ఉన్న చక్రం గుర్తు నొక్కి, ‘సీ ఆల్ సెట్టింగ్స్’లోకి వెళ్ళి, ‘ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్’ అన్న విభాగంలో ‘క్రియేట్ ఎ న్యూ ఫిల్టర్’ నొక్కండి. తెరుచుకున్న పెట్టెలో ‘టు’ అన్న గడిలో మీ పనుల చిరునామాను, కూడిక గుర్తుతో సహా, పూర్తిగా రాయండి. మిగిలిన గడులు ఖాళీగా వదిలేయండి.

వెంటనే ‘క్రియేట్ ఫిల్టర్’ నొక్కకండి. ముందు పక్కనే ఉన్న ‘సెర్చ్’ నొక్కి, ఏ మెయిళ్ళు వస్తాయో చూడండి. మీరు ఇంతవరకు ఆ చిరునామాకు ఏమీ పంపలేదు కాబట్టి ఏమీ రాకూడదు. బ్యాంకు మెయిళ్ళు, పాత మెయిళ్ళు వరుసగా కనిపిస్తే, కూడిక గుర్తు, ‘పని’ అన్న మాట రాయకుండా మీ మామూలు చిరునామానే రాశారని అర్థం. ఆ స్థితిలో ఫిల్టరు పెడితే మీకు వచ్చే ఉత్తరాలన్నీ ఇన్‌బాక్స్‌లోకి రాకుండా పక్కకు వెళ్ళిపోతాయి. ఈ పద్ధతిలో జరగగల పొరపాట్లన్నిటిలోకీ పెద్దది ఇదే కాబట్టి ఈ పరీక్షను దాటవేయవద్దు.

అంతా సరిగ్గా ఉంటే మళ్ళీ అదే పెట్టె తెరిచి ‘క్రియేట్ ఫిల్టర్’ నొక్కి, మూడింటికి టిక్కు పెట్టండి. ‘స్కిప్ ది ఇన్‌బాక్స్’ అన్నది మొదటిది. ‘అప్లై ది లేబుల్’ అన్నది రెండవది, దాని పక్కన ‘1-పనులు’ ఎంచుకోవాలి. ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ అన్నది మూడవది. ఆ తరువాత ఫిల్టరును ఖాయం చేయండి. ఇక కంప్యూటరుతో పని లేదు.

4. పరీక్షించండి. ఫోను నుంచి పనుల చిరునామాకు ‘పరీక్ష’ అన్న సబ్జెక్టుతో ఒక మెయిల్ పంపి, కాసేపు ఆగి మెనూలో ‘1-పనులు’ లేబుల్ తెరవండి. మెయిల్ అక్కడ ఉండాలి, ఇన్‌బాక్స్‌లో ఉండకూడదు. లేబుల్‌లోనూ ఇన్‌బాక్స్‌లోనూ రెండు చోట్లా ఉంటే ‘స్కిప్ ది ఇన్‌బాక్స్’ టిక్కు పడలేదు. ఇన్‌బాక్స్‌లో మాత్రమే ఉంటే ఫిల్టరులోని చిరునామాకూ, మీరు పంపిన చిరునామాకూ ఎక్కడో ఒక అక్షరం తేడా ఉంది. ఎక్కడా కనిపించకపోతే ‘ఆల్ మెయిల్’, ‘స్పామ్’ విభాగాల్లో చూడండి, అక్కడా లేకపోతే సిగ్నల్ లేక ‘అవుట్‌బాక్స్’లో ఆగి ఉంటుంది.

5. చిరునామాను కాంటాక్టుగా దాచండి. ‘నా పనులు’ అన్న పేరుతో ఫోను కాంటాక్టుల్లో పనుల చిరునామాను దాచితే, మెయిల్ రాసేటప్పుడు ‘నా’ అని కొట్టగానే అదే పైకి వస్తుంది.

ఇంట్లో వారికి కూడా ఈ చిరునామా ఇవ్వవచ్చు. ‘వచ్చేటప్పుడు ఫలానాది తీసుకురండి’ అని మీ శ్రీమతి గారో శ్రీవారో ఆ చిరునామాకు రాస్తే అది నేరుగా మీ జాబితాలోనే చేరుతుంది, ఫోనులో విని మరిచిపోయే బాధ తప్పుతుంది. బయటివారికి మాత్రం ఇవ్వకండి, ఇస్తే మీ జాబితాలోకి వారి పనులు కూడా వచ్చి కూర్చుంటాయి.

6. ఒక మెయిల్‌కు ఒకే పని, ఆ పని మొత్తం సబ్జెక్టులో. ఈ పద్ధతి నిలిచేదీ కూలేదీ ఇక్కడే కాబట్టి కొంత వివరంగా చెప్పాలి. లేబుల్ తెరిచినప్పుడు మీకు కనిపించేది సబ్జెక్టు వరుస మాత్రమే. అది చదవగానే చేతులు కదిలేలా ఉండాలి. ‘మోటారు’ అని రాసుకుంటే అది మీకు దిగులును గుర్తుచేస్తుంది గానీ, చేయవలసింది ఏమిటో చెప్పదు. ‘బోరు మోటారు రివైండింగ్‌కు ఎంత అవుతుందో మెకానిక్‌కు ఫోను చేసి అడగాలి’ అని రాసుకుంటే అది రెండు నిమిషాల పనిగా మారిపోతుంది. అలాగే ‘ఇంటి పన్ను’ అని కాక ‘ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు పాత రశీదులో చూసి ఫోటో తీయాలి’ అని రాయండి. ‘పెళ్ళి బట్టలు’ అని కాక ‘ధర్మవరం చీరలకు ఏ రోజు వెళ్ళాలో వదినతో మాట్లాడి తేదీ ఖాయం చేయాలి’ అని రాయండి. చివర ‘అడగాలి’, ‘కట్టాలి’, ‘తీసుకురావాలి’, ‘పంపాలి’ వంటి క్రియ లేకుండా ఉన్న సబ్జెక్టు ఏదైనా సగం రాసినదే.

పెద్ద పనిని మొత్తంగా రాసుకోకండి, దానిలో ఇప్పుడు వేయవలసిన మొదటి అడుగు మాత్రమే రాయండి. ‘చిన్నాయన భూమి మ్యుటేషన్’ (రికార్డుల్లో యజమాని పేరు మార్పించడం) అన్నది ఎన్నో అడుగులున్న వ్యవహారం, దాన్ని ఒక వరుసగా రాసుకుంటే నెలల తరబడి అక్కడే ఉంటుంది. ‘మ్యుటేషన్‌కు ఏ కాగితాలు కావాలో సచివాలయంలో అడిగి రావాలి’ అన్నది ఒక ఉదయం పని. అది పూర్తయ్యాక రెండవ అడుగును వేరే మెయిల్‌గా పంపుకోండి.

వివరాలన్నీ మెయిల్ లోపల పెట్టండి. సర్వే నంబరు, కరెంటు సర్వీసు నంబరు, వైద్యుని చీటీ ఫోటో, పాత రశీదు వంటివి అక్కడే జోడిస్తే, కౌంటరు ముందు నిలబడినప్పుడు గ్యాలరీలో వెతకవలసిన పని ఉండదు. ఒక్క మెయిల్‌కు 25 ఎంబీ వరకు జోడించవచ్చు. ఓటీపీలు, ఏటీఎం పిన్ను, పాస్‌వర్డులు మాత్రం లోపల కూడా రాయవద్దు. ఆధార్ నంబరును సబ్జెక్టులో ఎప్పుడూ రాయకండి, ఎందుకంటే ఫోను తాళం తీయకుండానే సబ్జెక్టు తెర మీద కనిపించే అవకాశం ఉంది.

మాటల ఎంపికలో ఒక జాగ్రత్త అవసరం. జీమెయిల్ వెతుకులాట పూర్తి పదాలనే పోల్చి చూస్తుంది, పదంలోని ముక్కను కాదు. మన భాషలో ‘బిల్లు’, ‘బిల్లును’, ‘బిల్లుకు’, ‘బిల్లులు’ వేర్వేరు పదాలుగా కనిపిస్తాయి కాబట్టి ఒకదానితో వెతికితే మరొకటి దొరకకపోవచ్చు. అందుకే ‘కరెంటు బిల్లు’, ‘గ్యాస్’, ‘పొలం’, ‘బడి’, ‘ఆస్పత్రి’ వంటి కొన్ని మాటలను ప్రత్యయాలు లేకుండా సబ్జెక్టు మొదట్లోనే పెట్టి, ఆ తరువాత వాక్యం రాయడం అలవాటు చేసుకోండి. ‘కరెంటు బిల్లు - పాత ఇంటిది 15వ తేదీలోగా కట్టాలి’ అన్నట్టుగా. ఒకసారి తెలుగు లిపిలో, మరోసారి ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా ఇదే ఇబ్బంది వస్తుంది. ఏదో ఒక లిపికే కట్టుబడండి.

ఒకే సబ్జెక్టును పదే పదే వాడితే, ఉదాహరణకు ప్రతిసారీ ‘కరెంటు బిల్లు’ అని మాత్రమే రాస్తే, దగ్గర దగ్గర రోజుల్లో పంపుకున్న మెయిళ్ళను జీమెయిల్ ఒకే సంభాషణగా కలిపివేయవచ్చు. అప్పుడు రెండు పనులు ఒకటిగా కనిపించి, ఒకటి ముగించగానే రెండవది కూడా జాబితా నుంచి వెళ్ళిపోతుంది. సబ్జెక్టులో నెల పేరో ఇంటి పేరో చేర్చితే ఈ చిక్కు రాదు.

7. ఇతరులు పంపిన మెయిల్‌లో పని ఉంటే ఫార్వర్డ్ చేయండి. బడి నుంచి ఫీజు మెయిల్ వచ్చింది అనుకుందాం. దాన్ని ఇన్‌బాక్స్‌లోనే నక్షత్రం గుర్తు పెట్టి వదిలేయకుండా, పనుల చిరునామాకు ఫార్వర్డ్ చేస్తూ, సబ్జెక్టు తుడిచి మీ మాటల్లో ‘బడి - రెండవ టర్ము ఫీజు కట్టి రశీదు ఫోటో దాచాలి’ అని రాయండి. ఇన్‌బాక్స్‌లోని అసలు మెయిల్‌ను ఆర్కైవ్ చేయండి, అంటే చెరపకుండా ఇన్‌బాక్స్ నుంచి మాత్రం పక్కకు తీయండి. అందిన మెయిల్ సబ్జెక్టును ఉన్నచోటనే మార్చడం జీమెయిల్‌లో కుదరదు కాబట్టి ఈ చుట్టు దారి తప్పదు. వాట్సాప్‌లో వచ్చిన పనులకు సందేశాన్ని కాపీ చేసి మెయిల్‌లో అతికించండి, ఫోటో అయితే షేర్ గుర్తు నుంచి నేరుగా జీమెయిల్‌కు పంపవచ్చు.

8. తేదీ ఉన్న పనిని స్నూజ్ చేయండి. సబ్జెక్టులో తేదీ రాసినంత మాత్రాన జీమెయిల్ ఆ వరుసలో అమర్చదు, దానికి తెలిసింది కొత్తది పైన, పాతది కింద అన్న క్రమమే. తేదీ పనికి స్నూజ్ వాడాలి. మెయిల్ తెరిచి, పైన మూడు చుక్కల మెనూలో ‘స్నూజ్’ నొక్కి, తేదీ, సమయం ఎంచుకోండి. ఆ సమయానికి ఆ మెయిల్ మీ ఇన్‌బాక్స్‌లో అన్నిటికంటే పైకి వచ్చి నిలుస్తుంది. అలా ‘1-పనులు’ లేబుల్ మొత్తం పనుల నిల్వగా, ఇన్‌బాక్స్ పైభాగం ఈనాటి పనులుగా పనిచేస్తాయి.

గడువు తేదీకి స్నూజ్ చేయవద్దు, పని మొదలుపెట్టవలసిన తేదీకి చేయండి. బిల్లుకు 15 చివరి రోజు అయితే 11కు పెట్టండి, మధ్యలో ఆదివారమో సర్వరు మొరాయింపో వచ్చినా ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ పింఛను తీసుకునే నాయన గారి జీవన ప్రమాణ పత్రం నవంబరులో ఇవ్వవలసి ఉంటే, నవంబరు మొదటి సోమవారం ఉదయానికి పెట్టండి. గుంతకల్లు నుంచి ముంబయి రైలుకు పండుగ రోజుల్లో బెర్తు కావాలంటే, ప్రయాణ తేదీని వదిలేసి 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ రోజు ఉదయం 7.30కు స్నూజ్ చేయండి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 నుంచి 60 రోజులకు తగ్గింది, బుకింగ్ తెరుచుకునేది ఉదయం 8కి.

నెల నెలా వచ్చే పనులకు జీమెయిల్‌లో ప్రత్యేక ఏర్పాటు లేదు. కానీ సులువైన ఉపాయం ఉంది. గ్యాస్ బుక్ చేశాక ఆ మెయిల్‌ను ముగించకుండా వచ్చే నెల తేదీకి మళ్ళీ స్నూజ్ చేయండి. ఒకే మెయిల్ సంవత్సరమంతా తిరుగుతూ ఉంటుంది. ఇలాంటి పనుల సబ్జెక్టులో నెల పేరు పెట్టకండి.

9. బంతి ఎదుటివారి దగ్గర ఉంటే ‘2-ఎదురుచూపు’కు మార్చండి. సచివాలయంలో దరఖాస్తు ఇచ్చారు, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ పెట్టారు, మెకానిక్ రేపు చెబుతానన్నాడు. ఇవి మీ పనులు కావు, అలాగని మరిచిపోదగినవీ కావు. అలాంటి మెయిల్‌కు మీరే రిప్లై ఇస్తూ, ‘ఈ రోజు ఇచ్చాను, అర్జీ నంబరు ఇది, వారంలో చెబుతామన్నారు’ అని లోపల రాసి పంపండి. తరువాత మెనూలో ‘చేంజ్ లేబుల్స్’ తెరిచి ‘1-పనులు’ టిక్కు తీసి ‘2-ఎదురుచూపు’కు పెట్టి, వారం తరువాతి తేదీకి స్నూజ్ చేయండి. మళ్ళీ వెళ్ళినప్పుడు ‘మీరు ఎప్పుడు ఇచ్చారు?’ అన్న ప్రశ్నకు తేదీతో, నంబరుతో, రశీదు ఫోటోతో సహా సమాధానం మీ చేతిలోనే ఉంటుంది. నిజం చెప్పాలంటే మన ప్రాంతంలో ఆఫీసుల చుట్టూ తిరిగేవారికి ఈ పద్ధతి మొత్తంలో ఎక్కువ మేలు చేసేది ఈ రెండవ లేబులే.

అయితే ఇలా రిప్లై పంపినప్పుడు, అది పనుల చిరునామాకే వెళితే ఫిల్టరు మళ్ళీ ‘1-పనులు’ తగిలించవచ్చు. కాబట్టి లేబుల్ మార్చడం రిప్లై పంపిన తరువాతే చేయండి.

10. పూర్తయిన పనిని సరిగ్గా ముగించండి. ఇందులో రెండు చర్యలు ఉన్నాయి. ‘చేంజ్ లేబుల్స్’లో ‘1-పనులు’ టిక్కు తీసి ‘3-అయినవి’కి పెట్టాలి. మెయిల్ ఇన్‌బాక్స్‌లో ఉంటే ఆర్కైవ్ కూడా చేయాలి. డిలీట్ మాత్రం చేయవద్దు. మీకు మీరు పంపుకున్న మెయిల్‌కు ‘సెంట్’లో వేరే ప్రతి ఉండదు, ఉన్నది ఒక్కటే, కాబట్టి తొలగిస్తే రెండు చోట్ల నుంచీ పోతుంది. ట్రాష్‌లో పడినది 30 రోజుల తరువాత శాశ్వతంగా చెరిగిపోతుంది. ఏడాది తరువాత ‘పోయినసారి మోటారుకు ఎంత ఇచ్చాము?’ అని ఇంట్లో మాట వచ్చినప్పుడు ‘3-అయినవి’లో వెతికితే దొరకాలి కదా.

11. చూసే వేళ ఖాయం చేసుకోండి. ఉదయం ఒకసారి ఇన్‌బాక్స్ పైభాగం చూసి, ఈ రోజు కానివాటిని వేరే తేదీకి తోసేయండి. ఆదివారం ఒకసారి ‘1-పనులు’ మొత్తం చూడండి, అది కూడా అడుగు నుంచి పైకి. పాత పనులు అడుగునే ఉంటాయి, పై నుంచి మొదలుపెట్టినవారు వాటి దాకా ఎన్నడూ చేరరు.

తరచుగా ఎదురయ్యే చిక్కులు

‘ఆర్కైవ్ చేశాను, అయినా పని జాబితాలోనే ఉంది’ అన్నది అందరికీ వచ్చే సందేహం. ఆర్కైవ్ మెయిల్‌ను ఇన్‌బాక్స్ నుంచి మాత్రమే తీస్తుంది, లేబుల్‌ను ముట్టుకోదు. పదవ అంచెలోని మొదటి చర్య మరిచిపోయినందువల్ల వచ్చిన చిక్కు ఇది. దీనికి మరో వైపు కూడా ఉంది. పని కాకుండానే పొరపాటున ఆర్కైవ్ నొక్కినా కంగారు అక్కరలేదు, అది లేబుల్‌లో భద్రంగా ఉంటుంది.

స్నూజ్ చేసినది ఎక్కడికి పోయిందో తెలియక అదే పనిని మళ్ళీ రాసుకునేవారు ఉన్నారు. మెనూలో ‘స్నూజ్డ్’ అన్న విభాగం తెరిస్తే నిద్రపుచ్చినవన్నీ అక్కడ కనిపిస్తాయి. అక్కడి నుంచే తేదీ మార్చవచ్చు, వెంటనే లేపనూవచ్చు.

పొలం దగ్గర సిగ్నల్ లేకపోయినా రాయడం మానవద్దు. పంపు నొక్కితే మెయిల్ అవుట్‌బాక్స్‌లో ఉండి, సిగ్నల్ అందగానే దానంతట అదే వెళుతుంది.

ఒక పనిని మూడు నాలుగు ఆదివారాలు వరుసగా ముందుకు తోస్తూ ఉంటే, లోపం సాధారణంగా సబ్జెక్టులో ఉంటుంది. అది ఇంకా పెద్ద పనే, మొదటి అడుగు దొరకలేదు. చిన్న అడుగుగా మార్చి కొత్త మెయిల్ పంపుకుని, పాతదాన్ని ముగించండి. అలా మార్చినా కదలకపోతే, ఆ పని చేయాలని మీకు నిజంగా లేదేమో చూసుకుని, జాబితా నుంచి తీసేయండి. చేయని పనులను మోయడం జాబితా పని కాదు.

సరిగ్గా నడుస్తోందో లేదో తెలుసుకోవడం

రెండు మూడు వారాలు గడిచాక ఈ విషయాలు సరిచూడండి. ‘1-పనులు’లోని ఏ వరుస చదివినా, మెయిల్ తెరవకుండానే ఏమి చేయాలో తెలుస్తున్నదా? ఫోనులో నోట్సు, వాట్సాప్, క్యాలెండరు కాగితం అంటూ వేరే చోట్ల ఇంకా పనులు రాస్తున్నారా? రాస్తుంటే వాటిని కూడా ఇక్కడికే పంపేయండి, రెండు జాబితాలుంటే మనసు రెండింటినీ నమ్మదు. ‘2-ఎదురుచూపు’లో తేదీ లేకుండా పడి ఉన్నవి ఉన్నాయా? ఉంటే వెంటనే స్నూజ్ చేయండి. చివరగా, ‘3-అయినవి’లో ఏదైనా ఒక మాట వెతికి చూడండి, తలచుకున్న రశీదు వెంటనే దొరికితే మాటల ఎంపిక కుదిరినట్టే.

ఇది నప్పనివారికి

లేబుళ్ళు మార్చడం చాదస్తంగా తోస్తే, మెయిల్ తెరిచి మెనూలో ‘యాడ్ టు టాస్క్స్’ నొక్కండి, అది గూగుల్ టాస్క్స్‌లో చేరుతుంది, అక్కడ తేదీలు, నెల నెలా పునరావృతం కూడా పెట్టుకోవచ్చు. ఔట్‌లుక్ వాడేవారు మెయిల్‌కు జెండా గుర్తు పెడితే, మైక్రోసాఫ్ట్ టు డూ యాప్‌లో ‘ఫ్లాగ్డ్ ఈమెయిల్’ జాబితాను ఆన్ చేసుకున్నప్పుడు అది అక్కడ కనిపిస్తుంది. ఫిల్టరు పెట్టడానికి కంప్యూటరు దొరకనివారు అది దొరికే వరకు ప్రతి సబ్జెక్టు మొదట్లో ‘పని’ అని రాసి తమ మామూలు చిరునామాకే పంపుకుంటూ, ఆ మాటతో వెతుక్కోవచ్చు. లేబుల్ మాత్రం చేత్తో తగిలించుకోవాలి. తరువాత ఫిల్టరు పెట్టిన రోజున పాత మెయిళ్ళను మళ్ళీ రాయనక్కర లేదు, వాటినన్నిటినీ ఒకేసారి ఎంచుకుని ‘1-పనులు’ లేబుల్ తగిలించి, ఇన్‌బాక్స్ నుంచి ఆర్కైవ్ చేస్తే సరిపోతుంది.